పళ్ళ క్లీనింగ్‌లో ఇన్ని రకాలెందుకు, బిల్లులో అంత తేడా ఎందుకు

క్లుప్తంగా: క్లీనింగ్ ఖర్చు పళ్ళు పైకి ఎంత మురికిగా ఉన్నాయో దాన్ని బట్టి ఉండదు, చిగురు కింద గార ఎంత లోతుకి దిగిందో, పంటిని పట్టి ఉంచే ఎముక ఎంత తగ్గిందో దాన్ని బట్టి ఉంటుంది. చిగురు లోతు, అంటే చిగురుకీ పంటికీ మధ్య సందు లోతు, 3 మి.మీ. దాకా ఉంటే మామూలు క్లీనింగ్ చాలు. 4 మి.మీ., ఆ పైన ఉండి ఎముక కూడా తగ్గితే డీప్ క్లీనింగ్ మాట వస్తుంది, అది నివారణ కాదు, చికిత్స. డబ్బు కట్టే ముందు చూడాల్సినవి రెండే, చిగురు లోతుల చార్టు, ఎక్స్‌రే.

మామూలు క్లీనింగే కదా అని వెళ్ళిన మనిషికి "మీకు డీప్ క్లీనింగ్ చెయ్యాలండి, రెండు మూడు సిట్టింగులు పడుతుంది" అని చెప్పి, అనుకున్నదానికి ఎన్నో రెట్ల ఎస్టిమేట్ చేతిలో పెడితే అనుమానం రాకుండా ఉండదు. నొప్పి లేదు, అద్దంలో చూసుకుంటే పళ్ళు బానే ఉన్నాయి, మరి ఇదంతా ఎందుకు? ఆ అనుమానం కొన్నిచోట్ల నిజమే కావచ్చు కూడా. కానీ నిజమో కాదో తేల్చుకోవాలంటే ముందు చిగురు కింద ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి, బిల్లులోని లెక్కంతా అక్కణ్ణుంచే వస్తుంది కాబట్టి.

పాచి గారగా మారే తీరు

బ్రష్ చేసిన కొద్ది నిమిషాలకే లాలాజలంలోని ప్రోటీన్లు పంటి మీద కంటికి కనపడని సన్నటి పొర కడతాయి. ఆ పొర మీద ముందుగా స్ట్రెప్టోకాకస్ జాతి బ్యాక్టీరియా చేరి, వాటిని పట్టుకుని వేరే రకాలు వచ్చి, కొన్ని గంటల్లో పాచి తయారవుతుంది. మెత్తగా ఉన్నంతసేపూ బ్రష్‌కి, ఫ్లాస్‌కి పోతుంది. వదిలేసిన చోట మాత్రం లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ అందులోకి చేరి ఒకటి రెండు రోజుల్లోనే గట్టిపడటం మొదలై, పదీ పన్నెండు రోజులకల్లా పూర్తి గార అయిపోతుంది. ఆ స్టేజ్ వచ్చాక ఏ పేస్టు పెట్టి ఎంత గట్టిగా తోమినా రాదు, చిగురు అరిగిపోవడం తప్ప ఒరిగేది ఉండదు.

గార ఎక్కువగా కింది ముందు పళ్ళ లోపలివైపు, పై దవడ పళ్ళకి బుగ్గ వైపు పడుతుంది. కారణం సింపుల్, లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది అక్కడే. ఇది చిగురుకి పైన పట్టే గార, తెల్లగానో పసుపుగానో కనపడుతుంది, తియ్యడం కూడా తేలికే. చిగురు కిందకి దిగిన గార వేరు. దానికి ఖనిజాలు చిగురు సందులో ఊరే ద్రవం నుంచి వస్తాయి, రంగు ముదురు గోధుమ లేదా నలుపు, పంటి వేరుని గట్టిగా కరుచుకుని ఉంటుంది, అద్దంలో అస్సలు కనపడదు. పళ్ళు తెల్లగా ఉన్నవాళ్ళకి కూడా డీప్ క్లీనింగ్ చెప్పడానికీ, పచ్చగా ఉన్నవాళ్ళకి మామూలు క్లీనింగ్‌తో సరిపెట్టడానికీ కారణం ఇదే.

ఇక్కడ ఇంకో విషయం. చిగురుని పాడుచేసేది ప్రధానంగా గార కాదు, దాని గరుకు ఉపరితలం మీద నిలబడే పాచి, దానికి శరీరం చూపించే రియాక్షన్. 1965లో దంత పరిశోధకుడు హరాల్డ్ లోయె బృందం డెన్మార్క్‌లో చేసిన ప్రయోగం దీనికి బాగా పేరుపడ్డ ఉదాహరణ. చిగుళ్ళు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్ళు శుభ్రం చేసుకోవడం ఆపెయ్యమన్నారు, 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి, మళ్ళీ శుభ్రం చెయ్యడం మొదలెట్టగానే వాపు పోయింది. అంటే వాపు దాకా వచ్చినా వెనక్కి తిరగొచ్చు, దీన్నే జింజివైటిస్ అంటారు. వాపు లోపలికి పాకి పంటిని పట్టి ఉంచే నారపోగులు, ఎముక కరగడం మొదలైతే అది పెరియోడాంటైటిస్, పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. క్లీనింగ్ రకాలన్నీ ఈ రెంటి మధ్య గీతకి ఇటో అటో ఉంటాయి.

ఆ గీత మిల్లీమీటర్లలో ఉంటుంది

మిల్లీమీటర్ గుర్తులున్న, మొన మొద్దుగా ఉండే సన్నటి కడ్డీని ప్రోబ్ అంటారు. దాన్ని చిగురుకీ పంటికీ మధ్య సందులోకి మెల్లగా దించి ఎంత లోతుకి వెళ్తుందో చూస్తారు, ఒక్కో పంటికి ఆరు చోట్ల. 32 పళ్ళూ ఉంటే మొత్తం 192 అంకెలు. 1 నుంచి 3 మి.మీ. అంటే ఆరోగ్యం. 4 దగ్గర జాగ్రత్త మొదలవుతుంది, 5, 6 వస్తే బ్రష్షూ ఫ్లాసూ అక్కడిదాకా చేరవు. ఇలా లోతైన సందునే పాకెట్ అంటారు. లోతుతో పాటు రక్తం వచ్చిందా లేదా అని కూడా రాసుకుంటారు. పొగతాగేవాళ్ళలో రక్తం రావడం తగ్గిపోతుంది, లోపల జబ్బు ఉన్నా చిగురు బానే ఉన్నట్టు కనపడుతుంది, అది మంచి సూచన అనుకుంటే పొరపాటు.

ఈ అంకె ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు, చాలా గొడవలు వచ్చేది ఇక్కడే. చిగురు వాచి పైకి ఉబ్బితే ఎముక ఏమీ తగ్గకపోయినా ప్రోబ్ 4, 5 చూపిస్తుంది, అది ఉత్తుత్తి పాకెట్, వాపు తగ్గితే అంకె కూడా తగ్గుతుంది. నిజమైన పాకెట్‌లో ఎముక, పంటి పట్టు రెండూ తగ్గి ఉంటాయి, ఎముక ఎంత తగ్గిందో ఎక్స్‌రేలో కనపడుతుంది. పైగా ప్రోబ్ ఎంత బలంతో నొక్కారు, ఏ కోణంలో పెట్టారు అనేదాన్ని బట్టి ఇద్దరు డాక్టర్ల కొలతల మధ్య ఒక మిల్లీమీటర్ తేడా రావడం మామూలే. కాబట్టి అక్కడక్కడా 4లు ఉన్న నోటికి ఒకరు మామూలు క్లీనింగ్ చాలనీ ఇంకొకరు డీప్ క్లీనింగ్ కావాలనీ చెప్తే ఇద్దరిలో ఒకరు మోసగాళ్ళే అనుకోనక్కర్లేదు. అన్నీ 2, 3 ఉన్న నోటికి నోరంతా డీప్ క్లీనింగ్ రాస్తే మాత్రం గట్టిగా అడగాల్సిందే.

2017లో జరిగిన అంతర్జాతీయ వర్క్‌షాప్ పెరియోడాంటైటిస్‌ని తీవ్రతని బట్టి నాలుగు స్టేజులుగా, ముదిరే వేగాన్ని బట్టి ఏ, బీ, సీ అనే మూడు గ్రేడులుగా విడదీసింది. పొగతాగడం, కంట్రోల్‌లో లేని షుగర్ ఉంటే గ్రేడు పెరుగుతుంది. రిపోర్టులో "స్టేజ్ 2, గ్రేడ్ బీ" లాంటివి కనపడితే దానర్థం ఇదే.

మామూలు క్లీనింగ్

చిగుళ్ళు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి, లేదా కొద్దిపాటి వాపు ఉన్నవాళ్ళకి చేసేది ఇది. అల్ట్రాసోనిక్ స్కేలర్ మొన సెకనుకి దాదాపు 25 వేల నుంచి 45 వేల సార్లు కంపించి గారని పెళ్ళలుగా ఊడగొడుతుంది, ఆ కంపనానికి పుట్టే వేడికి పన్ను దెబ్బతినకుండా నీళ్ళు చిమ్ముతూనే ఉంటాయి. మిగిలింది చేతి పరికరాలతో తీసి పాలిష్ చేస్తారు. మత్తు అవసరం ఉండదు, ఒక్క సిట్టింగ్, ఎక్కువలో ఎక్కువ గంట. ఖర్చులో అన్నిటికన్నా తక్కువ ఇదే, నోరు మొత్తానికి కలిపి ఒకటే రేటు.

మధ్యలో ఉండే రెండు రకాలు

జనానికి పెద్దగా తెలియనివి ఇవి. మొదటిది, నోరంతా వాపు, రక్తం బాగా ఉండి ఎముక మాత్రం తగ్గనప్పుడు చేసే స్కేలింగ్. పని మామూలు క్లీనింగ్‌దే గానీ టైమ్ ఎక్కువ పడుతుంది, అందుకే రేటు కొంచెం ఎక్కువ, డీప్ క్లీనింగ్ కంటే బాగా తక్కువ.

రెండోది డిబ్రైడ్‌మెంట్. ఏళ్ళ తరబడి డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళనివాళ్ళలో గార ఎంత మందంగా పేరుకుంటుందంటే ప్రోబ్ లోపలికి దిగే దారే ఉండదు, కొలవలేకపోతే రోగం ఎంతో చెప్పలేరు. అందుకని ముందు ఆ దిట్టమైన గారని తీసేసి, చిగుళ్ళ వాపు కాస్త తగ్గాక మళ్ళీ పిలిచి కొలుస్తారు, అప్పుడు ఏ క్లీనింగ్ కావాలో చెప్తారు. ఒకే పనికి రెండుసార్లు డబ్బు తీసుకున్నారని కంప్లైంట్లు ఎక్కువగా వచ్చేది దీనిమీదే. నిజానికి మొదటిది పరీక్షకి దారి చెయ్యడం, రెండోది అసలు పని, ఆ సంగతి ముందే చెప్పకపోవడమే క్లినిక్ తప్పు.

డీప్ క్లీనింగ్

దీన్ని స్కేలింగ్, రూట్ ప్లానింగ్ అని కలిపి రాస్తారు. చిగురు కింద, వేరు మీద ఉన్న గారని, బ్యాక్టీరియా పొరని తియ్యడం స్కేలింగ్ అయితే వేరు ఉపరితలాన్ని నున్నగా చెయ్యడం రూట్ ప్లానింగ్. బ్యాక్టీరియా విషాలు వేరు పైపొరలోకి ఇంకిపోయి ఉంటాయన్న నమ్మకంతో ఒకప్పుడు ఆ పొరని గట్టిగా గీకేసేవాళ్ళు, తర్వాతి పరిశోధనల్లో ఆ విషాలు పైపైనే వదులుగా ఉంటాయని తేలాక అంత గీకుడు అవసరం లేదని ఒప్పుకున్నారు.

కంటికి కనపడని చోట చేతి స్పర్శతో చేసే పని కాబట్టి నెమ్మదిగా సాగుతుంది. నోటిని పై కుడి, పై ఎడమ, కింది కుడి, కింది ఎడమ అని నాలుగు క్వాడ్రంట్లుగా విడదీసి, తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి సాధారణంగా ఒక సిట్టింగ్‌లో ఒకటో రెండో క్వాడ్రంట్లు చేస్తారు. మొత్తం నోరు ఒకటి రెండు సిట్టింగుల్లో 24 గంటల లోపే పూర్తి చేస్తే బ్యాక్టీరియా ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకదనే ఆలోచనతో 1990ల్లో బెల్జియంలోని లూవెన్‌లో ఒక పద్ధతి మొదలైంది. తర్వాత రెండు పద్ధతుల్నీ పోల్చి చూస్తే ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కాబట్టి సిట్టింగులు ఎక్కువైతే ట్రీట్‌మెంట్ గొప్పదనీ తక్కువైతే నాసిరకమనీ ఏమీ లేదు, పేషెంట్ ఓపిక, డాక్టర్ టైమ్ బట్టి ఎలాగైనా చెయ్యొచ్చు.

ఫలితం ఎంత? 4 నుంచి 6 మి.మీ. పాకెట్లు సగటున ఒక మిల్లీమీటర్ పైచిలుకు తగ్గుతాయి, 7 దాటినవి దాదాపు రెండు తగ్గుతాయి. అంటే 5 ఉన్నచోట 4కో 3కో వచ్చి ఇంట్లో శుభ్రం చేసుకోగల పరిస్థితి వస్తుంది, 8 ఉన్నచోట 6 మిగులుతుంది. లోతు పెరిగేకొద్దీ గార మిగిలిపోయే చోట్లు కూడా పెరుగుతాయి, ముఖ్యంగా దవడ పళ్ళ వేర్లు చీలే చోట, అక్కడ సందు చాలాసార్లు పరికరం బ్లేడు కంటే ఇరుకుగా ఉంటుంది. అందుకే కొన్ని వారాలు ఆగి మళ్ళీ కొలుస్తారు, తగ్గనిచోట ఇంకోసారి చేస్తారు, 6 మి.మీ., ఆ పైనే ఉండిపోతే చిగురు తెరిచి చేసే ఫ్లాప్ సర్జరీ గురించి మాట్లాడతారు. ఈ తిరిగి కొలిచే విజిట్ ఎస్టిమేట్‌లో లేకపోతే ఆ ట్రీట్‌మెంట్ పనిచేసిందో లేదో తేలే దారే ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం తీవ్రమైన చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళు ప్రపంచంలో 100 కోట్లకు పైనే, అంటే డీప్ క్లీనింగ్ అనేది క్లినిక్కులు డబ్బుకోసం పుట్టించింది అనే మాటలో పస లేదు. అవసరం లేనివాళ్ళకి కూడా రాస్తున్నారా అనేది వేరే ప్రశ్న, దానికి జవాబు ఎవరి చార్టులో వాళ్ళకి ఉంటుంది.

తర్వాత వచ్చే ఖర్చు: మెయింటెనెన్స్

డీప్ క్లీనింగ్ అయ్యాక పాకెట్లలో బ్యాక్టీరియా మళ్ళీ మూడు నెలల అటూఇటూగా పాత స్థాయికి చేరుకుంటుంది, అందుకని చాలామందికి మూడు నాలుగు నెలలకోసారి రమ్మంటారు. ఇందులో మళ్ళీ కొలతలు, చిగురు పైనా కిందా శుభ్రం, మొండిగా మిగిలిన చోట ప్రత్యేకంగా పని ఉంటాయి. రేటు మామూలు క్లీనింగ్ కంటే ఎక్కువ, డీప్ క్లీనింగ్ కంటే తక్కువ. కానీ ఏడాదికి మూడు నాలుగుసార్లు, అదీ ఏళ్ళ తరబడి, కలిపి చూస్తే డీప్ క్లీనింగ్ బిల్లుని కూడా దాటిపోవచ్చు, మొదటి రోజు ఎవరూ చెప్పని ఖర్చు ఇది. చెప్పకపోవడం వల్ల జనం మధ్యలో మానేస్తారు, మానేస్తే పాకెట్లు మళ్ళీ లోతవుతాయి, ముందు పెట్టిన డబ్బు కూడా చాలావరకు వృథా.

బిల్లు ఎక్కడ పెరుగుతుంది

మొదటి కారణం లెక్కకట్టే యూనిట్. మామూలు క్లీనింగ్‌కి నోరంతా ఒక యూనిట్, డీప్ క్లీనింగ్‌కి చాలాచోట్ల ఒక్కో క్వాడ్రంట్ ఒక యూనిట్. కాబట్టి ఫోన్‌లో చెప్పిన రేటు క్వాడ్రంట్‌దా నోరంతటిదా అని అడగకపోతే బిల్లు చేతికొచ్చేసరికి నాలుగింతలు అవుతుంది. రెండు మూడు పళ్ళ దగ్గరే పాకెట్లు ఉంటే క్వాడ్రంట్ మొత్తానికి కాకుండా ఆ పళ్ళకే లెక్కకట్టే పద్ధతి కూడా ఉంది, అది అడిగితేనే చెప్పే క్లినిక్కులు కూడా ఉంటాయి.

ఆ తర్వాత కుర్చీలో పట్టే టైమ్, మత్తు ఇంజెక్షన్, పని చేసేదెవరు అనేది. హైజినిస్ట్ (క్లీనింగ్ పనిలో శిక్షణ ఉన్నవాళ్ళు) చేస్తే ఒక రేటు, జనరల్ డెంటిస్ట్ చేస్తే ఒకటి, చిగుళ్ళ స్పెషలిస్ట్ అయిన పెరియోడాంటిస్ట్ చేస్తే ఇంకొకటి. 4, 5 మి.మీ. పాకెట్లకి స్పెషలిస్ట్ తప్పనిసరి కాదు, 7 దాటినవి, పళ్ళు కదులుతున్నవి, వేర్లు చీలే చోట ఎముక పోయినవి ఉంటే ఆ ఎక్కువ రేటుకి అర్థం ఉంది. డెంటల్ కాలేజీల్లో సీనియర్ల పర్యవేక్షణలో స్టూడెంట్లు చేస్తారు, రేటు బాగా తక్కువ, టైమ్ బాగా ఎక్కువ. ఇంప్లాంట్లు ఉంటే వాటికి గీతలు పడని టైటానియం, ప్లాస్టిక్ పరికరాలు వాడతారు, దానికి వేరే చార్జి పడొచ్చు.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కు. చాలా పాలసీల్లో మామూలు క్లీనింగ్ నివారణ కింద పూర్తిగానో దాదాపు పూర్తిగానో వస్తుంది, డీప్ క్లీనింగ్ చికిత్స కింద పడి కొంత భాగమే వస్తుంది, కొన్నిట్లో కొన్నాళ్ళు వెయిట్ చేస్తే గానీ రాదు. అందుకే "మామూలు క్లీనింగ్ అనే రాసెయ్యండి" అని అడిగేవాళ్ళు ఉంటారు, అది కుదరదు, కుదిరినా రికార్డులో జబ్బు లేనట్టే ఉండిపోయి తర్వాతి ట్రీట్‌మెంట్‌కి అడ్డం వస్తుంది.

పక్కన చేర్చే ఐటమ్స్

ఎస్టిమేట్‌లో లేజర్ కనపడితే ఆగి ఆలోచించాలి. యూరప్ పెరియోడాంటాలజీ ఫెడరేషన్ 2020లో ఇచ్చిన గైడ్‌లైన్ డీప్ క్లీనింగ్‌కి తోడుగా లేజర్ వాడొద్దనే సూచించింది, అందరికీ రొటీన్‌గా యాంటీబయాటిక్ మాత్రలు ఇవ్వడం కూడా వద్దంది. పాలిషింగ్ టీ, కాఫీ, పొగాకు మరకల్ని తీస్తుంది, అందానికి పనికొస్తుంది, చిగుళ్ళ ఆరోగ్యానికి పెద్దగా కలిపేదేమీ లేదు. గ్లైసిన్ లేదా ఎరిత్రిటాల్ పొడిని గాలీ నీళ్ళతో చిమ్మే ఎయిర్ పాలిషింగ్ మెత్తటి పాచికి, మరకలకి బాగా పనిచేస్తుంది, హాయిగా కూడా ఉంటుంది, కానీ గట్టిపడిన గారకి స్కేలర్ వాడాల్సిందే. ఇక వైటెనింగ్ అసలు క్లీనింగే కాదు, పెరాక్సైడ్‌తో పంటి రంగు మార్చడం, రెండూ కలిపి ప్యాకేజీగా అమ్మేచోట ఏది ఎంతో విడిగా రాయించుకోవాలి.

ఆరు నెలల లెక్క

అందరూ ఆరు నెలలకోసారి చేయించుకోవాలనే మాటకి ఉన్నంత ప్రచారం ఆధారాలకి లేదు. వైద్య పరిశోధనల్ని కలిపి చూసి తేల్చే కోక్రేన్ సంస్థ 2018 సమీక్ష తీవ్రమైన చిగుళ్ళ జబ్బు లేని, క్రమం తప్పకుండా డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళ మీద జరిగిన రెండు ట్రయల్స్‌ని చూసింది, మొత్తం 1,711 మంది. ఆరు నెలలకోసారి, ఏడాదికోసారి, షెడ్యూల్ ఏమీ లేకుండా, ఈ మూడు పద్ధతుల మధ్య రెండు మూడేళ్ళలో చిగుళ్ళ వాపులో, రక్తం రావడంలో తేడా దాదాపు లేదు. దీన్ని చదివి క్లీనింగ్ దండగ అనుకుంటే అది ఇంకో తప్పు. ఆ ఫలితం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళది, షుగర్ ఉన్నవాళ్ళకి, పొగతాగేవాళ్ళకి, ఒకసారి ఎముక తగ్గినవాళ్ళకి వర్తించదు. ఎవరి రిస్క్‌ని బట్టి వాళ్ళ గ్యాప్ ఉండాలి.

క్లీనింగ్ చేస్తే పళ్ళు వదులవుతాయా

ఈ భయం వల్లే చాలామంది వాయిదా వేస్తారు. గార తీశాక పళ్ళ మధ్య సందులు కనపడతాయి, పళ్ళు పొడుగైనట్టు ఉంటాయి, చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమంటాయి. గోడకి పట్టిన నాచు గీకేస్తే అప్పటిదాకా దాని వెనకున్న బీట బయటపడ్డట్టే ఇది, బీట నాచు తీసినందువల్ల రాలేదు. వాచిన చిగురు తగ్గి వేరు కొంచెం బయటపడుతుంది, ఆ జివ్వుమనడం సాధారణంగా కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. బాగా ముదిరిన కేసుల్లో గార పళ్ళని ఒకదానికొకటి అతికించినట్టు పట్టి ఉంచుతుంది, అది తీశాక కదలడం తెలుస్తుంది, కానీ ఎముక అప్పటికే పోయి ఉంది.

నిజంగా ముందే చెప్పాల్సిన విషయాలు వేరే ఉన్నాయి: గుండెలో కృత్రిమ వాల్వు, పేస్‌మేకర్, రక్తం పలచబడటానికి వాడే మందులు, షుగర్, గర్భం. గర్భంతో ఉన్నప్పుడు క్లీనింగ్ చేయించుకోవచ్చు, మధ్య మూడు నెలలు సౌకర్యంగా ఉంటాయి. వాల్వు ఉన్నవాళ్ళకి ముందుగా యాంటీబయాటిక్ ఇవ్వాల్సి రావచ్చు. రక్తం పలచబరిచే మందుల్ని మాత్రం సొంతంగా ఆపకూడదు.

ఎస్టిమేట్ చేతికొచ్చాక

చార్టు కాపీ అడగడం పేషెంట్ హక్కే, అందులో మొహమాటం అక్కర్లేదు. 4, 5, 6 అంకెలు ఏ పళ్ళ దగ్గర ఉన్నాయో, అక్కడే ఎక్స్‌రేలో ఎముక తగ్గినట్టుందో లేదో చూపించమనాలి. ఎస్టిమేట్‌లో ఉన్న క్వాడ్రంట్లూ ఆ అంకెలూ సరిపోలాలి, కుడివైపు రెండు పళ్ళకే పాకెట్లు ఉంటే నాలుగు క్వాడ్రంట్లు ఎందుకో డాక్టర్ వివరించగలగాలి. మత్తు, ఎక్స్‌రే, తిరిగి కొలిచే విజిట్ రేటులో కలిసే ఉన్నాయా, మెయింటెనెన్స్ ఏడాదికి ఎన్నిసార్లు, ఒక్కోదానికి ఎంత అనేవి కూడా కాగితం మీద ఉండాలి. చార్టు లేకుండా, కొలవకుండా కేవలం నోట్లోకి చూసి డీప్ క్లీనింగ్ అన్నారంటే సెకండ్ ఒపీనియన్‌కి వెళ్ళడం మేలు, వెళ్ళేటప్పుడు మొదటి క్లినిక్ ఏం చెప్పిందో చెప్పకుండా కొత్తగా కొలిపించుకుంటే రెండు చార్టుల్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. దానికోసం కొన్ని రోజులు ఆగితే నష్టం లేదు, ఈ జబ్బు సాధారణంగా నెలల్లో, ఏళ్ళలో ముదిరేది. చీము, వాపు, పన్ను కదలడం ఉంటే మాత్రం ఆగకూడదు.